కోత లేని పోస్టుమార్టం

ఈ నెల మేము వ్రాయుచున్న సంగతి భోజనాల దగ్గర చదువుకొనదగినది కాదు. అయినను కుటుంబ పత్రికలోనే వ్రాయాలి. ఎందుకనగా ఇది వచ్చి పడేది కుటుంబముల మీదనే, అదీ ముందుగా చెప్పకుండా, ఏ అర్ధరాత్రో ఒక ఫోను రూపములో వచ్చి పడుతుంది.

సేవలో ఉన్న ఇన్ని సంవత్సరములలో మార్చురీ గుమ్మము ముందు మేము ఎన్నిమార్లు నిలబడ్డామో లెక్క వ్రాసి పెట్టుకోలేదు. పాస్టరు పిలువబడేది పెండ్లికి, పాలకి, ప్రతిష్ఠకే కాదు గదా. హైవే మీద మోటారు సైకిలు పడిన కుఱ్ఱవాడు, తాటిచెట్టు మీదనుండి జారిన తండ్రి, తెప్ప బోల్తాపడి మూడవ రోజున ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన జాలరి సహోదరుడు, పురుగుల మందు త్రాగిన కౌలురైతు. వీరందరి బంధువులు ఆ గుమ్మము దగ్గర ఒకే మాట అడుగుతారు. ఒక తండ్రి అడిగిన మాట మాకు ఇప్పటికీ చెవిలోనే ఉన్నది. "ఏటండి అయ్యగారు, మా గుంటడ్ని కోసేత్తారా? సచ్చిపోయినోడికి మళ్ళీ కోతేటండి? మీరు ఓ మాట సెప్పండి, వొదిలేత్తారు."

ఆ "ఓ మాట" చెప్పుటకు మేము కూడా ఒకప్పుడు వెళ్ళినవారమే. అది తప్పని ఇప్పుడు ఒప్పుకొనుచున్నాము. ఎందుకు తప్పో తరువాత చెప్పుతాము.

ముందు చట్టము సంగతి. అనుమానాస్పదముగా గాని, ప్రమాదము వలన గాని, ఆత్మహత్య వలన గాని, ఇతరుల చేతిలో గాని ఎవరైనా మరణిస్తే పోలీసులు వచ్చి శవ పంచనామా చేయాలి. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో ఇది 194వ సెక్షను. దానికి ముందు క్రిమినల్ ప్రొసీజర్ కోడులో 174వ సెక్షనుగా ఉండేది. నంబరు మారినది గాని సారము మారలేదు. మరణమునకు కారణము సందేహముగా ఉంటే దేహమును ప్రభుత్వ వైద్యుని దగ్గరకు పంపుతారు. పెండ్లి అయిన ఏడు సంవత్సరముల లోపల స్త్రీ ఆత్మహత్య చేసికొన్నా, అనుమానము కలిగేటట్లు మరణించినా, పంపి తీరవలసినదే. ఇందుకు బంధువుల అంగీకారము అవసరము లేదు. వేలిముద్ర వేయనంటే ఆగిపోయేది కాదు.

ఇక లోపల జరిగేది ఏమిటో తెలియకనే మనవాళ్ళు ఎక్కువగా భయపడుతున్నారు. వైద్యుడు మొదట దేహమును పైనుండి పరిశీలించి గాయములన్నిటి కొలతలు వ్రాసుకొంటాడు. తరువాత రొమ్ము నుండి పొత్తికడుపు వరకు తెరచి లోపలి అవయవములను చూస్తాడు. తలను ఒక చెవి వెనుకనుండి రెండవ చెవి వెనుకకు, జుట్టులో కనబడకుండా తెరుస్తారు. ముఖమును కోయరు. విషము అనుమానమైతే కడుపులోని పదార్థము, కాలేయము, మూత్రపిండము ముక్కలు సీసాలలో వేసి సీలు వేస్తారు. మన ప్రాంతమువి విశాఖపట్నములోని ప్రాంతీయ ఫోరెన్సిక్ లేబొరేటరీకి వెళ్తాయి. చివరకు కుట్టి, కడిగి, గుడ్డ చుట్టి అప్పగిస్తారు. ఆ కుట్టు అందముగా ఉంటుందని మేము చెప్పలేము. గోనెసంచి కుట్టినట్లు కుట్టి ఇచ్చిన చోట్లను కూడా చూచాము. ఒక తల్లి ఆ కుట్ల మీద తన చీర కొంగు కప్పుకొని ఇంటివరకు ఆటోలో అలాగే కూర్చున్నది. సహోదరుల పెట్టెలో కాసింత మంచి నూలుదారము వేసినా ఆ తల్లులకు ఎంతో మేలు అని అప్పుడు మాకు తోచినది.

ఇప్పుడు మా తప్పు చెప్పుతాము.

చాలా సంవత్సరముల క్రిందట, మేము ఒక పల్లె సంఘములో క్రొత్తగా సేవ చేయుచున్నప్పుడు, ఒక కుటుంబములో కోడలు చనిపోయినది. పెండ్లి అయి మూడేండ్లు కూడా నిండలేదు. రాత్రి కడుపునొప్పి వచ్చిందన్నారు, తెల్లవారేసరికి పోయిందన్నారు. అత్తవారు సంఘములో పెద్దలు. అమ్మాయి కన్నవారు ఏరు దాటి రావాలి. వారు వచ్చేసరికే పెట్టె సిద్ధమైనది. పోలీసులకు చెప్పాలి గదా అని సంఘ పెద్దలలో ఒకరు మెల్లగా అన్నారు. "బంగారం లాంటి పిల్లని కోయిస్తామా అయ్యగారూ" అని మరొకరు అన్నారు. అందరూ మావైపు చూచారు. మేము బైబిలు తెరచాము. సాయంత్రమునకే సమాధి ఆరాధన ముగించాము.

నెల తిరగకముందే ఆ తల్లి మా ఇంటికి వచ్చినది. మమ్మును నిందించలేదు. "నా పిల్ల ఎలాగ సచ్చిపోనాది అయ్యగారు?" అని మాత్రము అడిగినది. అత్తవారు దోషులో నిర్దోషులో మేము ఎరుగము. నిర్దోషులైతే ఊరివారి గుసగుసలనుండి వారిని విడిపించేది కూడా ఆ పరీక్షయే అయ్యుండేది. ఆ ఇంటివారు తరువాత ఆ ఊరిలో తల ఎత్తుకొని తిరుగలేక వేరొక చోటికి వెళ్ళిపోయారు. దోషులైతే, ఆ బిడ్డ రక్తము నేలలోనుండి మొరపెట్టుచుండగా మూత బిగించినవారిలో మేమును ఒకరము. హేబెలు కథను బోధించేటప్పుడెల్లా మాకు ఆ సమాధి కనబడుతుంది.

ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయము మొదటి భాగమును మనము సాధారణముగా దాటవేసి చదువుతాము. పొలములో ఒకని శవము దొరికి, చంపినదెవరో తెలియకపోతే, పెద్దలును న్యాయాధిపతులును బయలుదేరి వచ్చి, ఆ శవము చుట్టూ ఉన్న ఊళ్ళ దూరము కొలవాలి. ఏ ఊరు దగ్గరైతే ఆ ఊరి పెద్దలు దేవుని యెదుట జవాబు చెప్పాలి. ఎవరిదో తెలియని శవము కొరకు కొలతాడు పట్టుకొని పొలములో నడిచే పెద్దలు! మా ఇంటికి అయిదు వందల గజముల దూరములో చనిపోయిన బిడ్డ కొరకు మేము కొలతాడు తీయలేదు.

అందుచేతనే ఈ క్రొత్త పద్ధతిని గూర్చి చదివినప్పుడు మేము ఆగిపోయి ఆలోచించాము. మనవారి భయము కోత. కోత లేకుండ లోపల చూడగలిగితే? దీనిని వర్చువల్ ఆటాప్సీ అంటున్నారు. స్కానింగు ద్వారా చేసే పోస్టుమార్టం అని మనము చెప్పుకోవచ్చును.

దీనికి మూలము పాతదే. జర్మనీలోని వుర్జ్‌బుర్గ్ నగరములో రాంట్జెన్ అను ఆచార్యుడు 1895 నవంబరు 8న ఎక్స్-రేలను కనుగొన్నాడు. ఆ కిరణముల మీద హక్కు పత్రము తీసికొని ధనము గడించుటకు అతడు ఇష్టపడలేదు, అది లోకమునకు చెందవలెనన్నాడు. ఆ మరుసటి సంవత్సరమే, 1896లో, కెనడాలోని మాంట్రియల్‌లో కాలిలో దిగిన తుపాకి గుండును ఆ కిరణములతో తీసిన ఫోటో న్యాయస్థానమునకు వెళ్ళినది. అయితే ఎక్స్-రే ఫోటోలో ముందున్నదీ వెనుకనున్నదీ ఒకదానిమీదొకటి పడి కలిసిపోతాయి. 1971లో ఇంగ్లాండులో హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన సీటీ స్కాన్ ఆ చిక్కు విడదీసినది. గొట్టము దేహము చుట్టూ తిరుగుచు, దోసకాయను చక్రాలుగా తరిగినట్లు పలుచని పొరలు పొరలుగా బొమ్మలు తీస్తుంది. కంప్యూటరు వాటిని మరల అతికి మనిషి ఆకారమును నిలబెడుతుంది. చనిపోయినవారికి కిరణముల వలన హాని అనే ప్రశ్న లేదు గనుక బ్రతికినవారికంటె ఎక్కువ కిరణములతో ఇంకా స్పష్టముగా తీయవచ్చును.

బైబిలు పాఠకులకు ఐగుప్తు ఫరోలు పరిచయమే గనుక ఒక సంగతి చెప్పుతాము. టూటన్‌కామెన్ అను యౌవనపు ఫరో క్రీస్తుకు పూర్వము సుమారు 1323లో చనిపోయాడు. 1968లో అతని మమ్మీకి ఎక్స్-రే తీస్తే పుఱ్ఱె లోపల ఎముక ముక్క కనబడినది. తలమీద కొట్టి చంపారని లోకమంతా కథలు అల్లుకొన్నది, పుస్తకములు వచ్చాయి. 2005 జనవరిలో సీటీ స్కాన్ చేసి చూస్తే తలమీద కొట్టి చంపినట్లు ఏ ఆధారమూ దొరకలేదు. మూడువేల మూడువందల సంవత్సరముల తరువాత కూడా ఒక అపవాదు తొలగినది. కొన్నిమార్లు పరీక్ష దోషిని పట్టుటకంటె నిర్దోషిని విడిపించుటకే ఎక్కువ ఉపయోగము.

స్విట్జర్లాండులోని బెర్న్ విశ్వవిద్యాలయములో డిర్న్‌హోఫర్, థాలీ అను వైద్యులు ఈ శతాబ్దపు ఆరంభములో ఈ పరీక్షను ఒక క్రమపద్ధతిగా రూపొందించారు. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఫోరెన్సిక్ సంస్థవారు 2005లో తమ మార్చురీలోనే సీటీ యంత్రము పెట్టుకొన్నారు. 2009 ఫిబ్రవరిలో అక్కడి అడవుల అగ్నిప్రమాదములో 173 మంది కాలిపోయినప్పుడు, ఎవరు ఎవరో గుర్తించుటకు ఆ యంత్రము తీసిన పండ్ల, ఎముకల బొమ్మలు ఎంతో అక్కరకు వచ్చాయి.

మన దేశములో ఢిల్లీలోని ఎయిమ్స్ ఆసుపత్రి, భారత వైద్య పరిశోధన మండలి కలిసి దీనిని తలపెట్టాయి. అప్పటి ఆరోగ్యశాఖ మంత్రి డాక్టరు హర్షవర్ధన్ 2019 డిసెంబరులో రాజ్యసభలో దీనిని గూర్చి చెప్పారు. మృతుల దేహమునకు గౌరవము కలుగవలెనన్నదే దీని ఉద్దేశమని కూడా చెప్పారు. 2021 మార్చిలో ఎయిమ్స్‌లో ఆ కేంద్రము ప్రారంభమైనది. 2022 సెప్టెంబరు 21న హాస్యనటుడు రాజు శ్రీవాస్తవ ఆ ఆసుపత్రిలో మరణించినప్పుడు ఆయన దేహమునకు ఈ విధముగానే పరీక్ష జరిగినది. దేహమును సంచిలో ఉంచినట్లే యంత్రములోనికి పంపుతారు. గంటలు పట్టే పని సుమారు అరగంటలో అవుతుంది.

వినుటకు ఎంతో బాగున్నది గాని, ఇది సర్వరోగనివారిణి అన్నట్లు పత్రికలలో వచ్చే వార్తలను చూచి మోసపోవద్దు. ఇంగ్లాండులో మాంచెస్టరు, ఆక్స్‌ఫర్డ్ ఆసుపత్రులలో 182 మృతదేహములకు మొదట సీటీ, ఎమ్మారై స్కాన్లు తీసి, తరువాత మామూలు పోస్టుమార్టం చేసి, రెండును పోల్చి చూచారు. ఆ ఫలితములు 2012లో లాన్సెట్ అను వైద్య పత్రికలో వచ్చాయి. మరణ కారణము విషయములో సీటీ చెప్పినదానికీ కత్తి చెప్పినదానికీ నూటికి 32 మందిలో పెద్ద తేడా వచ్చినది. ఎమ్మారైలో నూటికి 43. గుండె రక్తనాళములు మూసికొనిపోవుట, ఊపిరితిత్తులలో రక్తపు గడ్డ అడ్డుపడుట వంటివి స్కానుకు చిక్కకుండ పోయాయి. ఎందుకనగా బ్రతికినవాని నరములోనికి మందు ఎక్కిస్తే గుండె దానిని ఒళ్ళంతా త్రిప్పుతుంది, ఆగిపోయిన గుండె త్రిప్పలేదు. యంత్రముతో మందును నాళములలోనికి త్రోసే పద్ధతి ఉన్నది గాని అది ఖర్చుతో కూడిన పని.

మన జిల్లాలకు అన్వయించి చూద్దాము. 2023 అక్టోబరు 29 సాయంత్రము విజయనగరం జిల్లా కంటకాపల్లి, అలమండ మధ్య రాయగడ పాసింజరు వెళ్ళి ముందున్న పలాస పాసింజరును గుద్దుకొన్న సంగతి ఎవరు మరచిపోగలరు? 14 మంది మరణించారు. అటువంటి చోట విరిగిన ఎముకలు, చితికిన పుఱ్ఱె, రొమ్ములో చేరిన గాలి, మెదడులోని రక్తస్రావము, వీటిని స్కాను చాలా బాగా పట్టుతుంది. కత్తికి సులభముగా అందని మెడ ఎముకలు, ముఖపు ఎముకలలో చీలికలను కూడా చూపుతుంది. చెట్టుమీదనుండి పడినవారికి, హైవే ప్రమాదములకు, తుపాకి గాయములకు ఇది చాలవరకు జవాబు చెప్పగలదు. నీటమునిగిన వారిలో ముక్కు వెనుక గదులలో, ఊపిరితిత్తులలో చేరిన నీటిని చూపుతుంది. కాని దేహము రోజుల తరబడి సముద్రములో నానిపోతే లోపల పుట్టే వాయువులు అన్నిటినీ కలగాపులగము చేస్తాయి.

పురుగుల మందు? చూపదు. పాము కాటు? చూపదు. విషమునకు ఎముక విరగదు గదా. రక్తము, కాలేయము తీసి లేబొరేటరీకి పంపవలసినదే. మన పల్లెలలో పోస్టుమార్టముకు వెళ్ళే మరణములలో మందు త్రాగినవి ఎన్ని ఉంటాయో తెలిసినవారికి దీని అర్థము తెలుస్తుంది. మేము చెప్పిన ఆ కోడలి విషయములో కూడా, కడుపునొప్పి అన్నారు గనుక, స్కాను ఒక్కటే చాలేది కాదు. తలమీదనో ప్రక్కటెముకల మీదనో దెబ్బ ఉంటే చూపేది. గొంతు నులిమితే మెడలోని చిన్న ఎముక విరిగినదేమో చూపేది. అంతవరకే.

అయితే మాకు అన్నిటికంటె విలువైనదిగా తోచినది వేరొకటి. కత్తితో చేసిన పరీక్షను రెండవమారు చేయాలంటే మొదటి వైద్యుడు తెరచిన దేహమునే మరల తెరవాలి. స్కాను బొమ్మలు అలా కావు. అవి భద్రపరచబడతాయి. పది సంవత్సరముల తరువాత వేరొక ఊరిలోని వేరొక వైద్యుడు కూర్చుండి అదే దేహమును మొదటిసారి చూచినట్లు చూడవచ్చును. ఇబ్రహీంపట్నం హాస్టలులో 2007 డిసెంబరు 27న హత్య చేయబడిన ఆయేషా మీరా విషయము మీకు జ్ఞాపకముండే ఉంటుంది. శిక్షపడిన యువకుని 2017లో హైకోర్టు నిర్దోషి అని విడిచిపెట్టినది. 2019 డిసెంబరు 14న తెనాలిలో సమాధి త్రవ్వి, పన్నెండేండ్ల తరువాత ఆ ఎముకలను మరల పరీక్షించవలసి వచ్చినది. ఏ తల్లిదండ్రులకైనా ఆ త్రవ్వకము ఎలాగుంటుందో ఊహించండి.

మన విశ్వాసుల మధ్య కూడా ఇటీవలనే ఇట్టి కలవరము కలిగినది. 2025 మార్చి 25న రాజమహేంద్రవరము శివారు కొంతమూరు దగ్గర సువార్తికుడు ప్రవీణ్ పగడాల రోడ్డు ప్రక్కన మరణించి కనబడ్డారు. సంఘములు వీధులకెక్కి దర్యాప్తు కోరాయి. పోస్టుమార్టం జరిగినది. దర్యాప్తు చేసిన పోలీసులు అది రోడ్డు ప్రమాదమేనని ఏప్రిల్‌లో ప్రకటించారు. కొందరు ఒప్పుకొన్నారు, కొందరు ఒప్పుకొనలేదు. దానిని ఇక్కడ తిరగవేయుట మా పని కాదు. మేము గమనించినది ఒక్కటే. ఆ దినములలో ఫోనులలో తిరిగిన ఫోటోలు చూచి ప్రతివాడును వైద్యుడయ్యాడు. గాయము ఎటునుండి తగిలినదో ప్రసంగ వేదికల మీదనుండి తేల్చి చెప్పారు. పోస్టుమార్టం వద్దని మార్చురీ ముందు ఏడ్చేదీ మనమే, దాని నివేదిక నమ్మమని వీధిలో అరచేదీ మనమే.

ఇక చాలామంది తల్లులు మమ్మును రహస్యముగా అడిగే ప్రశ్న ఒకటున్నది. కోసిన దేహము పునరుత్థానమందు ఎట్లు లేచును? కాలేయము సీసాలో విశాఖపట్నము వెళ్ళిపోయినది గదా? అమ్మా, బాప్తిస్మమిచ్చు యోహాను తల ఒకచోట, దేహము ఒకచోట ఉన్నవి. సముద్రము కూడా తనలోని మృతులను అప్పగించునని ప్రకటన గ్రంథము చెప్పుచున్నది. మన కళింగపట్నము, బారువ తీరముల జాలరి కుటుంబములకు అంతకంటె ఏమి కావాలి? చేపలు తిన్నవానిని లేపగల దేవునికి కుట్లు వేసిన దేహము అడ్డమా? మన ప్రభువు లేచినప్పుడు ప్రక్కలోని గాయపు గుర్తుతోనే లేచెను. తోమా దానిని పరీక్షించుటకు అడిగితే ఆయన కోపగించుకొనలేదు.

మన శ్రీకాకుళం, విజయనగరం మార్చురీలలో నేటికీ పరీక్ష కత్తితోనే జరుగుచున్నది. సీటీ యంత్రములు మన జిల్లాలకు వచ్చాయి గాని అవి బ్రతికినవారికే చాలక వరుసలో నిలబెట్టుచున్నాయి. మార్చురీలకు వేరుగా యంత్రములు, ఆ బొమ్మలు చదువగల వైద్యులు కావాలంటే ఎన్నేండ్లు పట్టునో. అంతవరకు పాస్టరులము, సంఘ పెద్దలము చేయగలిగిన పనులు లేకపోలేదు. పంచనామా సమయమున దగ్గర నిలబడి, చూచిన గాయము వ్రాశారో లేదో చదివించుకొని సంతకము పెట్టవచ్చును. నివేదిక నకలు తెచ్చుకొనుటకు చదువురాని కుటుంబమునకు సహాయము చేయవచ్చును. ప్రమాద బీమాకు, పరిహారమునకు ఆ కాగితము లేక తిరిగి తిరిగి అలసిపోయిన విధవరాండ్రను మేము ఎరుగుదుము. చీకటి పడితే మరునాటి వరకు దేహము ఇవ్వరని ఏడ్చేవారికి, హత్య, ఆత్మహత్య, అనుమానపు కేసులు కానప్పుడు, వసతులు ఉన్న ఆసుపత్రులలో సూర్యాస్తమయము తరువాత కూడా చేయవచ్చునని కేంద్ర ప్రభుత్వము 2021 నవంబరులో అనుమతించిన సంగతి చెప్పవచ్చును.

ఆ తల్లి సంగతి చెప్పి ముగిస్తాము. ఆమె ప్రతి సంవత్సరము ఈస్టరు తెల్లవారుజామున కూతురి సమాధి దగ్గరకు వస్తుంది. మేము ఆ సంఘము విడిచి చాలా కాలమైనను, వీలైనప్పుడు ఆ ఉదయమున అక్కడికి వెళ్తాము. ఈమారు కొవ్వొత్తులు వెలిగించిన తరువాత, ఈ వ్యాసము కొరకు చదివిన సంగతులు ఆమెకు చెప్పాము. సమాధి త్రవ్వి పరీక్షించుటకు మన దేశములో కాలపరిమితి లేదని, మెజిస్ట్రేటు ఆజ్ఞ కావాలని, ఎముకలు మాత్రమే మిగిలినను దెబ్బ తగిలియుంటే స్కాను చూపవచ్చునని, విషము సంగతి మాత్రము ఇన్నేండ్ల తరువాత తేలుట కష్టమని చెప్పాము. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆ మిషను మట్టి మీదనుంచి సూడలేదా అయ్యగారు? పిల్లని లేపకండా?" అన్నది.

చూడలేదమ్మా అన్నాము. అర్జీ పెట్టదలచితే ఆ రోజు మేము చూచినదీ, చేయక విడిచినదీ వ్రాసి సంతకము చేసి ఇస్తామని, కలెక్టరాఫీసుకు కూడా వస్తామని చెప్పాము. "మా ముసిలోణ్ణి అడిగి సెప్తానండి" అని, కరిగిన మైనమును గోటితో గీకి తీసి, కొంగున కట్టుకొని వెళ్ళినది. ఇంకా కబురు రాలేదు.